గట్టు మీది తాడు

కాలువలో మనిషి పడ్డాడన్న కేక వినబడితే విజయవాడలో అందరూ మొదట గట్టుకు పరుగెత్తుతారు, తరువాత ఈత వచ్చినవాడెవడా అని చుట్టూ చూస్తారు, ఆ తరువాత ఎవరో ఒకరు 101కి ఫోన్ చేస్తారు. ఈ వరుసలో తాడు అన్న మాట ఎక్కడా రాదు. ఈ వ్యాసం ఆ ఒక్క మాట కోసమే రాస్తున్నాను. నీటిలో పడ్డవాణ్ణి కాపాడే విషయంలో అగ్నిమాపక శాఖ చేయగలిగిన అసలు పని బండి బయలుదేరాక చేసేది కాదని, అంతకు ఎంతో ముందుగా గట్టు మీద చేసిపెట్టవలసినదని నా వాదన. చిత్రమేమిటంటే, ఈ సంగతి నాకు బోధపడింది కృష్ణ ఒడ్డున కాదు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు తప్ప మంచుగడ్డంటే ఎరగని నేను, అమెరికాలో గడ్డకట్టిన ఒక చెరువు ఒడ్డున నిలబడి దీన్ని నేర్చుకున్నాను.

ముందు మన నీళ్ళ సంగతి చెప్పాలి. 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండి పడిన తరువాత, దాని బదులుగా కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో వాడుకలోకి వచ్చింది. అక్కడ మొదలయ్యే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడుమ నుంచే పారతాయి. మా తరం పిల్లలు నడుముకు బెండ్లు కట్టుకుని బందరు కాలువలోనే ఈత నేర్చుకున్నారు. అప్పటి గట్లు మట్టిగట్లు. గడ్డి పట్టుకునైనా, ఒరిగిన చెట్టువేరు పట్టుకునైనా పైకి పాకవచ్చు. ఇప్పుడు సిమెంటు పోసిన చోట్ల ఏటవాలు గోడ నాచు పట్టి సబ్బులా ఉంటుంది. జూన్ తరువాత పంటలకు నీళ్ళు వదిలిన రోజుల్లో ఆ గోడ మీద కాలు జారినవాడికి ఈత వచ్చినా పట్టు దొరకదు. చేతికి అందేది గుర్రపుడెక్క ఒక్కటే, దాన్ని నమ్ముకుంటే అదీ మనతోపాటే కొట్టుకొస్తుంది.

పన్నెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం నేను చూసినది చెబుతాను. ఏ రేవో, ఏ స్టేషను పరిధో చెప్పను. పదిహేడేళ్ళ కుర్రవాడొకడు కాళ్ళు కడుక్కోబోయి జారాడు. ఈత వచ్చిన యువకుడొకడు చొక్కా విప్పి దూకాడు. మునుగుతున్నవాడు దొరికినదాన్ని కిందకు నొక్కి పైకి లేవాలని చూస్తాడు, అది అతని తప్పు కాదు, శరీరం చేసే పని. ఆ యువకుడి మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకసారి మునిగి విడివిడిగా తేలారు. అప్పటికి గట్టు మీద వంద మందిమి ఉన్నాం. ఒకావిడ పక్కింటి దండెం మీది చీర లాగి విసిరింది, అది తడిసి ముద్దయి మూడు బారల దూరంలో పడింది. కూరగాయల లారీ క్లీనరొకడు టార్పాలిన్ మీద బిగించిన మోకు విప్పుకుని పరుగెత్తుకొచ్చి విసిరితే, రెండో విసురులో అది దూకిన యువకుడి భుజం మీద పడింది. అతణ్ణి లాగగలిగాం. కుర్రవాడు మళ్ళీ కనబడలేదు.

ఫైరింజను ఎనిమిది నిమిషాల్లో వచ్చింది. ఆ రద్దీలో అది తక్కువేమీ కాదు. వచ్చినవాళ్ళు బద్ధకస్తులూ కారు. ఒకాయన బూట్లు విప్పి అప్పటికప్పుడు నీళ్ళలోకి దిగాడు. బండిలో పంపు ఉంది, హోస్ పైపులున్నాయి, నిచ్చెన ఉంది, బావుల్లో బిందెలు తీసే పాతాళ గరిగె లాంటి పెద్ద కొక్కెం ఉంది. విసరడానికి పనికొచ్చే తాడు మాత్రం లేదు. కుర్రవాడు మర్నాడు దిగువన లాకుల దగ్గర దొరికాడు. అప్పుడు అక్కడున్న లీడింగ్ ఫైర్‌మన్ నాతో అన్న మాట ఇది: "మమ్మల్ని పిలిచేది తీయడానికి సార్, కాపాడడానికి కాదు." ఆయన గొంతులో విసుగు లేదు. జీతం ఎంతో చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆ మాట నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదు.

ఆయన అన్నదాంట్లో లెక్క ఉంది. మునిగేవాడు సినిమాల్లో లాగా చేతులూపి కేకలు వేయడు. ఊపిరి పీల్చడానికే నోరు చాలదు, ఇక అరవడానికి తీరికెక్కడిది? అమెరికాలో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా అనే ఆయన ఇలాంటి ఘటనలను పరిశీలించి, ఈత రాని మనిషి నీటి పైన పెనుగులాడే సమయం ఇరవై నుంచి అరవై సెకన్లని తేల్చాడు. ఆ తరువాత ప్రాణవాయువు అందని మెదడు నాలుగైదు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. ఎనిమిది నిమిషాలను ఆరు చేసినా, పది కొత్త బండ్లు కొన్నా, ఈ లెక్క మన వైపు తిరగదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో మన దేశంలో నీట మునిగి పోయినవారు 2021లోనూ 2022లోనూ 35 వేలకు పైమాటే. ఇందులో పెద్ద పెద్ద పడవ ప్రమాదాలు కొద్దిభాగమేననీ, మిగిలినదంతా రేవుల్లో, చెరువుల్లో, కాలువల్లో ఒకరూ ఇద్దరూగా పోయినవారేననీ తెలుసుకోవడానికి రోజూ జిల్లా పేజీ చదివితే చాలు.

ఇక ఆ మంచు సంగతి. మా అమ్మాయి, అల్లుడు మిన్నెసోటాలో ఉంటారు. ఒక జనవరిలో అక్కడ ఉన్నప్పుడు మా అల్లుడు, "మామయ్యగారూ, మీరు ఎప్పుడూ కాలువ కథ చెబుతారు కదా, ఇది చూద్దురు గాని రండి" అని ఇంటికి దగ్గరలోని చెరువుకు తీసుకెళ్ళాడు. ఊరి అగ్నిమాపక సిబ్బంది ఏటేటా చేసే సాధన అది. అడుగు మందాన గడ్డకట్టిన చెరువు మీద రంపపు మిషనుతో గుమ్మమంత గొయ్యి కోశారు. కోసిన పలకను కిందికి తోసేస్తే నల్లటి నీళ్ళు కనబడ్డాయి. ఒళ్ళంతా కప్పే రబ్బరు సూటు వేసుకున్న ఒకతను బాధితుడి పాత్రలో అందులోకి దిగాడు.

నేను ఎదురుచూసింది ఎవరో ఒక వీరుడు పరుగెత్తుకెళ్ళి చేయి అందించడాన్ని. జరిగింది వేరు. ముందు ఒడ్డు నుంచే అతనితో మాట్లాడారు: మోచేతులు మంచు అంచున పెట్టు, కాళ్ళు వెనక్కి కొట్టు, బోర్లా తేలు, పైకొస్తే లేవకు, వచ్చిన దారినే దొర్లు. అది కుదరకపోతే తాడు విసురుతారు. అదీ అందకపోతే నిచ్చెన పడుకోబెట్టి తోస్తారు. ఇవేవీ పనిచేయనప్పుడు మాత్రమే మనిషి వెళతాడు, అదీ సూటు వేసుకుని, నడుముకు కట్టిన తాడు ఒడ్డున మరో నలుగురి చేతుల్లో ఉండగా. నడిచి వెళ్ళడు. బరువు ఒకచోట పడకుండా మొసలిలా పాకుతాడు. బాధితుడికి ఎదురుగా వెళితే అతను ఆనుకున్న అంచు విరుగుతుంది గనుక పక్క నుంచి చుట్టి వచ్చి, నీళ్ళలోకి జారి, అతని వెనక చేరి, చంకల కింద పట్టీ వేసి, ముందుగా అనుకున్న సైగ చేస్తాడు. ఒడ్డున ఉన్నవాళ్ళు అప్పుడు లాగుతారు. మొత్తం పనిలో వీరుడెవడని అడిగితే ఆ నలుగురినీ చూపించాలి. వాళ్ళు నీటికి ఆమడ దూరంలోనే ఉన్నారు, ఒక్కడి కాలూ తడవలేదు.

అక్కడివాళ్ళు ఈ వరుసను నాలుగు మాటల్లో నేర్చుకుంటారు: అందించు, విసురు, తెడ్డు వేయి (అంటే పడవలో చేరుకో), ఆఖరున వెళ్ళు. మన గట్టు మీద ఆఖరు మాట మొదటికి వచ్చింది. ఈత వచ్చినవాడు దూకడమే మన సాహసం, మన పత్రికల్లో పొగడ్త కూడా దానికే. ఒకణ్ణి కాపాడబోయి మరొకడు పోయాడని ఏటా ఎన్నిసార్లు చదువుతాం?

చల్లటి నీటికి ఇంకో లెక్క ఉంది, అది తెలిస్తే మన కష్టం మరింత స్పష్టంగా కనబడుతుంది. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ప్రకారం, మంచునీటిలో పడ్డవాడికి ఎగశ్వాసను అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ చెప్పినట్టు వినే సమయం పది నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి గంట పడుతుంది. మొదటి నిమిషం దాటితే, తల పైన ఉంటే, సిబ్బందికి వ్యవధి దొరుకుతుంది. చేతులు పనిచేయడం మానేసే ముందు వాటిని మంచు మీద చాచి కదలకుండా ఉంచితే, తడి బట్ట మంచుకు అతుక్కుని, స్పృహ పోయినా మనిషి జారిపోడని కూడా వాళ్ళు చెబుతారు. 1999లో నార్వేలో అన్నా బోగెన్‌హోమ్ అనే వైద్యురాలు మంచు కింద వాగులో ఎనభై నిమిషాలు చిక్కుకుపోయి, శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడిపోయిన తరువాత కూడా బతికింది. ఆమెకు కొంతసేపు గాలి అందింది, ఆ తరువాత చలి మెదడును దాచిపెట్టింది. మన కాలువ నీరు ఎవరినీ దాచిపెట్టదు. అది గోరువెచ్చగా ఉంటుంది, మునిగినవాడి మెదడుకు చలి ఇచ్చే ఆ గడువు ఇవ్వదు. మంచుదేశపు ఫైర్‌మన్‌కు పది నిమిషాలున్న చోట మన ఫైర్‌మన్‌కు ఒక్క నిమిషం కూడా లేదు, అయినా ఒడ్డున తాడు సిద్ధంగా పెట్టుకున్నది వాళ్ళు.

మంచు మనకు పూర్తిగా పరాయిదీ కాదనుకోండి. 2022 డిసెంబరులో అరిజోనాలో గడ్డకట్టిన చెరువు మీద నడుస్తూ ముగ్గురు తెలుగువాళ్ళు నీళ్ళలో పడి చనిపోయారన్న వార్త గుంటూరు, విజయవాడల్లో చాలా ఇళ్ళలో భయం పుట్టించింది. తేటగా గట్టిపడిన మంచు కనీసం నాలుగు అంగుళాలుంటే తప్ప మనిషి అడుగు పెట్టకూడదనీ, తెల్లగా ఉన్న మంచుకు బలం సగమే గనుక దాని మందం రెట్టింపు ఉండాలనీ అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. మన పిల్లలను విమానమెక్కించేటప్పుడు ఆవకాయ సీసా ఎలా చుట్టాలో చెబుతాం, ఇది చెప్పం.

తాడు గురించి ఒక సూక్ష్మం ఉంది. దాన్ని పట్టించుకోకుండా అక్కడి పద్ధతిని ఇక్కడ దించితే ప్రాణాలు పోతాయి. మంచు మీద వెళ్ళేవాడి నడుముకు తాడు కట్టడమే అతనికి రక్ష. పారే నీటిలో అదే తాడు ఉరితాడవుతుంది. కాలువ ప్రవాహంలో దిగినవాడి నడుముకు ముడి వేసి గట్టున బిగపట్టారనుకోండి, తాడు బిగుసుకోగానే ప్రవాహం అతణ్ణి ముందుకు తీసుకుపోలేక కిందికి తొక్కుతుంది. నీటి వేగం రెట్టింపయితే అది తోసే బలం నాలుగింతలవుతుంది, గట్టున ఎంతమంది లాగితే ఆ మనిషి అంత లోతుకు పోతాడు. అందుకే ప్రవాహంలో దిగే శిక్షితులు లాగగానే ఊడిపోయే పట్టీ ఉన్న జాకెట్టుకు తప్ప ఒంటికి తాడు కట్టుకోరు. మన ఊళ్ళలో గజ ఈతగాడి నడుముకు మోకు కట్టి దించడం నేను స్వయంగా చూశాను. ఏమీ కాకపోవడం అదృష్టం.

విసిరే తాడుకు ఈ ప్రమాదం లేదు, ఎందుకంటే దాన్ని పడ్డవాడు పట్టుకుంటాడే గాని కట్టుకోడు, ఎప్పుడంటే అప్పుడు వదిలేయగలడు. పదిహేను, ఇరవై మీటర్ల తేలే తాడును మెలికల్లేకుండా ఒక సంచిలో వదులుగా కూరి పెడతారు. కొస చేతిలో ఉంచుకుని, పడ్డవాణ్ణి గట్టిగా కేక వేసి మన వైపు చూసేలా చేసి, సంచిని అతని తల దాటేలా విసరాలి. సంచి పోతూ పోతూ తాడును వదులుతుంది, అది అతని భుజాల మీద పడుతుంది. అతను తాడు పట్టుకుని వెల్లకిలా తిరగాలి. గట్టు మీదివాడు లాగకూడదు, కూర్చుని కాళ్ళు తన్నిపెట్టాలి. మిగిలిన పని ప్రవాహమే చేస్తుంది: గడియారం లోలకంలా మనిషిని ఊపి గట్టుకు చేరుస్తుంది. నీటితో కుస్తీ పట్టకుండా నీటి చేతనే పని చేయించుకునే ఈ ఉపాయం చూస్తే, గట్టు మీద వంద మందిమి నిలబడి చూసిన ఆ సాయంత్రం మరింత బాధ పెడుతుంది. కావలసింది ఒక తాడు, దాన్ని విసరడం తెలిసిన ఒకడు.

మన బండ్లలో ఇప్పటికే ఉన్న సామానుతో కూడా కొంత చేయవచ్చు. మంటలార్పే డెలివరీ హోసుకు రెండు కొసలూ మూసి, పొగలో ఊపిరికి వాడే సిలిండరు గాలిని తగ్గించి అందులోకి ఎక్కిస్తే అది గట్టిపడి నీటి మీద పొడవైన బెండులా తేలుతుంది. దాన్ని గట్టు నుంచి తోసి పడ్డవాడికి అందించడం చాలా దేశాల్లో నేర్పుతారు. మూసే బిరడాలు, గాలి ఎక్కించే అడాప్టరు ఉంటే చాలు, పెద్ద ఖర్చు కాదు. మంటల్లోకి వేసుకెళ్ళే బరువైన బూట్లూ, అంచు వెడల్పున్న హెల్మెట్టూ మాత్రం నీటి దగ్గర తీసేయాలి, ప్రవాహం ఆ అంచును పట్టుకుని మెడ విరిచేస్తుంది.

పెద్ద వరదల విషయం వేరు, దాన్ని దీనితో కలపకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ వైపు వీధులు మునిగినప్పుడు, బ్యారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణ పారుతున్నప్పుడు, పడవలూ హెలికాప్టర్లూ డ్రోన్లూ వచ్చాయి, రావాలి కూడా. నీళ్ళు తీశాక ఫైరింజన్లే ఇంటింటికీ వెళ్ళి బురద కడిగాయి; ఆ దృశ్యం చూసినవాళ్ళెవరూ ఆ శాఖను తేలికగా మాట్లాడరు. జాతీయ విపత్తు దళం పదో బెటాలియన్ మన పక్కనే గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉంది. కానీ వాళ్ళు రోజులకొద్దీ సాగే ఆపదకు వచ్చేవాళ్ళు, ఒక నిమిషపు ఆపదకు కాదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయిన రోజున కూడా మొదట చేరుకున్నది దగ్గరలో ఉన్న మత్స్యకారులే. దగ్గరలో ఉన్నవాడే కాపాడతాడు. కాబట్టి ఆ దగ్గరలో ఉన్నవాణ్ణి తయారుచేయడమే నీటి విషయంలో ఫైర్ స్టేషన్ల రోజువారీ విధి కావాలి: ప్రతి రేవులో తాడు సంచి, దాని మీద ఒక బోర్డు, నెలకొకసారి రేవు చుట్టుపక్కల కుర్రవాళ్ళకూ చాకలివాళ్ళకూ ఆటోవాళ్ళకూ అరగంట విసురు సాధన. బయటికి తీసినవాణ్ణి తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మానిపించి, ముందు నోటితో ఊపిరి ఊదడం, తరువాత ఛాతీ నొక్కడం నేర్పడం కూడా ఇందులోనే చేరాలి.

తాడు పెడితే ఎత్తుకుపోతారు కదా అంటారు. ఎత్తుకుపోతారు. ఐర్లండులో నీటి ఒడ్డున వేలాడదీసే లైఫ్‌బాయ్‌లను, అంటే పడ్డవాడికి విసిరే తేలే చక్రాలను కూడా ఎత్తుకుపోతారు. అక్కడ పోయిన ప్రతిసారీ మళ్ళీ పెడతారు, దొంగిలించిన చక్రం దొంగిలించిన ప్రాణంతో సమానమని ప్రచారం చేస్తారు. బ్రిటన్‌లో కొన్నిచోట్ల తాడును చిన్న పెట్టెలో పెట్టి తాళం వేసి, అత్యవసర నంబరుకు ఫోన్ చేసినవారికి తాళం అంకెలు చెబుతారు. ఆ ఫోను వల్ల బండి కూడా బయలుదేరుతుంది గనుక అది దొంగల భయం కంటే పెద్ద ప్రయోజనం. నాకయితే తాళం ఇష్టం లేదు, మన దగ్గర ఉన్న వ్యవధి ఫోనుకే చాలదు.

మేము మా రేవులో సొంతంగా ఒకటి పెట్టాం. అనుమతి కోసం ఒక కార్యాలయానికి నాలుగుసార్లు వెళ్ళాను, ఇది ఏ విభాగం కిందికి వస్తుందో అక్కడ ఎవరికీ తేలలేదు, కాబట్టి అడగడం మానేశాను. వన్‌టౌన్‌లో తాళ్ళమ్మే కొట్టులో మొదట నైలాన్ తాడు కొన్నాను. మొదటి విసురుకే అది బుడుంగున మునిగింది. నైలాన్ నీటి కంటే బరువని అప్పుడు తెలిసింది. మార్చి పాలీప్రొపిలీన్ తాడు తెచ్చాం, అది తేలుతుంది. బియ్యపు సంచిని కత్తిరించి కుట్టించి, అడుగున థర్మోకోల్ ముక్క పెట్టి, రేవు పక్క స్తంభానికి తగిలించాం.

పదకొండో రోజున అది లేదు. రెండు వీధులవతల ఒక ఇంటి ముందు, మా పసుపు తాడు మీద లంగాలూ తువ్వాళ్ళూ ఆరుతున్నాయి. వెళ్ళి అడిగితే ఆ ఇల్లాలు ఏమీ తడబడలేదు. "వదిలేసిన తాడనుకున్నామండీ బాబాయిగారూ. ఎందుకు పెట్టారో మీరెక్కడా రాయలేదు కదా!" అంది. నిజమే, రాయలేదు. బట్టలు తీసి, తాడు తనే చుట్టి ఇచ్చింది. మర్నాడు బోర్డు రాయించాం: దూకవద్దు, తాడు విసరండి, కూర్చుని పట్టుకోండి, 101. ఆవిడ కొడుకు తొమ్మిదో తరగతి. ఆదివారాల్లో రేవుకొచ్చి సంచి విసురుతుంటాడు. పది విసుర్లలో ఏడు, కాలువలో తేలేసిన ఖాళీ నీళ్ళ క్యాను మీదుగా సరిగ్గా పడుతున్నాయి. నావి నాలుగే పడుతున్నాయి.